మూడు చుక్కల మేస్త్రీ

“...అదే కదా వదినా నేనూ అడుగుతున్నది! ఇంటి ముందే సొంత షెడ్డు ఉండగా, రెండు వీధులు దాటించి మా గుమ్మంలోకి ఎందుకు తోలుకొచ్చారు బండిని?”

“తోలుకురావడానికి ఇదేమన్నా గొడ్డా? నా తమ్ముడి షెడ్డని తెచ్చాను. నీ షెడ్డని తేలేదు.”

“తొమ్మిదేళ్ళు గుర్తురాని తమ్ముడు ఇవాళ పొద్దున్నే గుర్తొచ్చాడన్న మాట.”

“కాస్త గొంతు తగ్గించమ్మాయ్, వాడు వింటాడు.”

“వినాలనే అంటున్నాను.”

భార్యా, అక్కా అనుకునే మాటలు మేస్త్రీ వింటూనే ఉన్నాడు. షెడ్డు వెనక గదిలో కూర్చుని వైర్ బ్రష్షుకి ఊడిన పిడి బిగిస్తున్నాడు. ఆడవాళ్ళ మాటల కంటే ముందే, వీధి మలుపులో ఉండగానే, అతను బండిని విన్నాడు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగల. ఎక్సిలేటర్ తొక్కితే తగ్గుతుంది, వదలగానే మళ్ళీ మొదలు. ఆ పాత తెల్ల వ్యాను పెద్ద వీధిలో వెళ్ళినప్పుడల్లా మూడు వారాలుగా వింటున్నాడు. ఎవరి బండికి జబ్బు చేసినా జాలిపడే మనిషి, ఆ బండికి మాత్రం ‘ముదరనీ’ అనుకున్నాడు.

బయటికి వచ్చేసరికి అక్క వ్యాను పక్కన నిలబడి ఉంది. ఆమె రెండు ఆసుపత్రులకి దుప్పట్లు ఉతికించి ఇస్తుంది. వ్యాను వెనక భాగమంతా తెల్లటి మూటలు.

“రేపు పది గంటలకి పొగ పరీక్షరా,” అంది, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా. “పాసవకపోతే ఆసుపత్రి వాళ్ళు బండిని గేటు లోపలికి రానివ్వరు. మీ బావ ఇవాళ చూస్తా రేపు చూస్తా అని మూడు వారాలు లాగాడు. విడిభాగాల కోసం ఊరు దాటి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. ఇంకెవరికీ చూపించొద్దని చెప్పి మరీ వెళ్ళాడు. నువ్వు ఇంకెవరివో కాదు కదా.”

“నేనెవర్నో ఆయన ఎప్పుడో తేల్చి పంపించాడు,” అన్నాడు మేస్త్రీ.

అక్క తాళం చెవి అందించింది. అతను తీసుకున్నాడు.

బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, కిందికి దూరి, చెక్క సుత్తితో సైలెన్సర్ గొట్టం పొడవునా తట్టుకుంటూ వచ్చాడు. ముందు గొట్టం ఖంగుమంది. వెనక సైలెన్సర్ మొద్దుగా పలికింది. మధ్యలో ఉన్న కన్వర్టర్ మీద తట్టగానే లోపల ఏవో దొర్లి, ఒక మూల చేరి ఆగాయి. దాని చుట్టూ, సెగ బయటికి తగలకుండా, వేడి రేకు ఉంది. రేకు మీద కొత్త క్లిప్పు ఒకటి బిగించి ఉంది.

“ఈ క్లిప్పెవరు వేశారు?”

“మీ బావే. రేకు వదులై మోగుతోందన్నాడు.”

“రేకు మోగితే తగరం చప్పుడొస్తుంది. ఇది పింగాణీ చప్పుడు.” అతను బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. “పొగని శుభ్రం చేసేది ఈ డబ్బానే అక్కా. లోపల తేనెపట్టులాంటి దిమ్మ ఉంటుంది. అది పగిలింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పితే ముక్కలు దారికి అడ్డంపడి బండికి ఊపిరాడదు. మార్చాలి.”

“నీ దగ్గరుందా?”

“ఉంది. ముందు ఇది చల్లారాలి.”

చల్లారడానికి గంట పట్టింది. ఆ గంటా అక్క వెనక గదిలో, గోడవారగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. మేస్త్రీ భార్య స్టవ్వు ముందు నిలబడి, అవసరం లేకపోయినా గిన్నెలు సర్దింది. “నీళ్ళు కావాలంటే ఆ మూల ఉన్నాయి,” అంది చివరికి. “గ్లాసు కడిగే ఉంది. దొంగల ఇల్లని సందేహం పెట్టుకోకండి.”

తొమ్మిదేళ్ళ కిందట మేస్త్రీ, బావ షెడ్డులోనే పనిచేసేవాడు. బావని అందరూ పెద్ద మేస్త్రీ అనేవాళ్ళు. వెల్డింగు మాత్రం చిన్నవాడిదే బాగుంటుందని వచ్చినవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. అతనికొక అలవాటుండేది. ఎక్కడ అతుకు వేసినా, దాని పక్కన పంచీ అనే మొనదేలిన ఉలితో మూడు చుక్కలు కొట్టేవాడు, వరసగా కాదు, పొయ్యి రాళ్ళలా. రేపు అతుకు విడిపోతే నాదని తెలియాలి, తిట్టుకునేవాడు నన్నే తిట్టుకోవాలి అనేవాడు.

ఒకరోజు పాలాయన తన వ్యాను తెచ్చాడు. ఊళ్ళో పాల ప్యాకెట్లు వేసే ఆయనకి అందరూ పెట్టిన పేరది. కన్వర్టర్ అంచు చిట్లింది. మేస్త్రీ వేడి రేకు విప్పి, చిట్లిన చోట అతుకు వేసి, చుక్కలు కొట్టి, మళ్ళీ రేకు బిగించాడు. ఆ రాత్రికి బండి షెడ్డులోనే ఉంది. రెండు రోజుల తర్వాత పాలాయన పరుగెత్తుకొచ్చాడు. బండి పరీక్షలో తప్పింది. కింద చూస్తే, వేలు ఖరీదు చేసే కన్వర్టర్ లేదు. ఆ చోట ఉత్త గొట్టం అతికించి ఉంది.

చివర చెయ్యి పెట్టింది ఎవరు? చిన్న మేస్త్రీ. అంతే, ఇంకో ప్రశ్న పుట్టలేదు. అతను బండి కిందికి దూరి, వేలు పెట్టి చూపించాడు: “ఈ అతుకు పక్కన చుక్కలు లేవు. ఇది నా పని కాదు.” పాలాయన పగలబడి నవ్వాడు. “దొంగతనం చేసినవాడు సంతకం కూడా పెడతాడట్రా?” టైర్ల కొట్టాయన నవ్వాడు. రంగుల మేస్త్రీ నవ్వాడు. టీ కొట్టావిడ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ నవ్వలేదు. అతని పనిముట్ల పెట్టె తీసుకొచ్చి వీధిలో పెట్టాడు. “ఇంటి మనిషివని వదిలేస్తున్నాను,” అన్నాడు.

అప్పుడు అక్క గుమ్మంలో నిలబడి ఉంది. “తప్పయిపోయిందని ఒక్క మాట అనెయ్యరా, గొడవ వదిలిపోతుంది,” అంది. మిగతా నవ్వులన్నీ మరిచిపోవచ్చునేమో గానీ, ఈ మాట మరుపుకి రాలేదు.

ఆ రోజు నుంచి అతని పేరు చుక్కల మేస్త్రీ. వెక్కిరించి పెట్టిన పేరు. రెండేళ్ళు ఎవరూ బండి ఇవ్వలేదు. కిటికీ ఊచలు అతికించాడు, గేట్లు చేశాడు, ఆసుపత్రి మంచాల కాళ్ళు సరిచేశాడు. తర్వాత ఈ షెడ్డు వేసుకున్నప్పుడు బోర్డు మీద పేరు రాయించలేదు. నల్లటి రేకు మీద తెల్ల రంగుతో పళ్ళెమంత మూడు చుక్కలు పెట్టించాడు. పెద్ద వీధిలోంచి చూసినా కనపడతాయి. కనపడాలనే పెట్టించాడు.

పగ అంటే అతనికి పెద్ద మాటలేవీ తెలియవు. రోజూ చేసే పనిలాంటిదే అది. బావకి ఆపరేషన్ అయ్యి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే, “పని తెమలడం లేదు” అని కబురు పంపి, ఆ పదకొండు రోజులూ షెడ్డు మూసి, లోపల ఖాళీగా కూర్చున్నాడు. పనుండి వెళ్ళలేదంటే వాళ్ళు నమ్ముతారేమోనని, మూసిన తలుపు వాళ్ళకి కనపడాలని. టైర్ల కొట్టాయన స్కూటర్ సైలెన్సర్ ఊడి వస్తే, “చుక్కల పని మీకు పడదు లెండి” అని పంపేశాడు. రోజూ నిద్ర లేచాక, ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఒకసారి వరసగా తలుచుకునేవాడు. ఆరుగురు. ఒక్కరూ తప్పిపోయేవారు కాదు.

“చల్లారింది,” అన్నాడు గదిలోకి తొంగి చూసి. భార్య వెంట వచ్చింది, లైటు పట్టుకోవడానికి. అక్క కూడా లేచి వచ్చి ర్యాంపు దగ్గర నిలబడింది.

నట్లు తుప్పుపట్టి గొట్టంలో కలిసిపోయాయి. నూనె కొట్టి, కాసేపాగి, రెండు విప్పాడు. మూడోది తెగింది. నాలుగోది గ్రైండర్‌తో కోశాడు. సెన్సర్ తీగ ఊడదీసి పక్కకి కట్టాడు. వెనక గొట్టం పట్టుకున్న కొక్కేన్ని తుప్పు సగం తినేసింది, అదీ విరిగి చేతిలోకి వచ్చింది. కన్వర్టర్ ఒళ్ళోకి దిగగానే గలగలమంది. బెంచీ మీద పెట్టి వంచితే పింగాణీ ముక్కలు బూడిద రంగులో రాలాయి, నమిలి ఉమ్మిన జీడిగింజల్లా.

పాతది అవతల పడేస్తే సరిపోయేది. కానీ డబ్బా ఏ కంపెనీదో, కొలత సరిపోతుందో లేదో చూడాలని బావ వేసిన క్లిప్పు కోసి, వేడి రేకు విప్పాడు. కింద అంచు వెంట పాత అతుకు ఒకటి కనిపించింది. అలవాటు కొద్దీ వైర్ బ్రష్షుతో రుద్దాడు. తుప్పు లేచింది. అతుకు పక్కన మూడు గుంటలు. పొయ్యి రాళ్ళలా.

అతని చెయ్యి ఆగింది. బ్రష్షు పక్కన పెట్టి, బొటనవేలితో ఒక్కో గుంటనీ తడిమాడు. తర్వాత ఉమ్మి తడిచేసి తుడిచాడు.

“ఏమైందండీ?” అంది భార్య. లైటు దగ్గరికి తెచ్చింది. చూసింది. అతని మొహం వైపు చూడకుండా వదిన మొహం వైపు చూసింది.

“అక్కా, ఈ వ్యాను బావ ఎప్పుడు కొన్నాడు?”

“ఎప్పుడో... నువ్వు వెళ్ళిపోయిన వారానికేమో. తుక్కులోంచి చవగ్గా దొరికిందని తెచ్చాడు. అడుగు భాగం సరిగ్గా లేకపోతే తనే అతికించుకున్నాడు.” చెబుతూ చెబుతూ దగ్గరికి వచ్చి, బెంచీ మీదికి వంగింది. ఆ చుక్కల సంగతి ఆమెకీ తెలుసు. అతని మొదటి పనుల్లో ఒకటి ఆమె ఇంటి మెట్ల కడ్డీ. దాని మీదా ఉన్నాయి.

ఆమె కొంగుతో ఆ చుక్కల మీది తడి తుడిచి మళ్ళీ చూసింది.

“నాకు తెలియదురా,” అంది.

“తెలుసని నేనన్నానా?”

“ఎప్పటిదో కదరా. ఆయనకిప్పుడు ఒంట్లో కూడా బాగుండటం లేదు. దాన్ని అవతల పారెయ్యి. పుణ్యముంటుంది.”

మేస్త్రీ పాత కన్వర్టర్ ఎత్తుకెళ్ళి, గోడకున్న కొక్కేనికి, చుక్కలు వీధి వైపు తిరిగేలా తగిలించాడు. తిరిగొచ్చి కొత్త డబ్బా పెట్టె విప్పాడు.

పనిలో మాత్రం పగ పెట్టలేదు. అంచులు రెండూ గీకి నున్నగా చేశాడు. పొగ కారకుండా కొత్త గ్యాస్కెట్లు పెట్టాడు. నట్లు ఒక్కసారే బిగించకుండా, మూలమూలగా నాలుగుసార్లు తిప్పి బిగించాడు. వెనక కొక్కేనికి కొత్త ముక్క అతికించాడు. అతుకు చల్లారాక పంచీ తీసుకుని కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. ప్రతి దెబ్బకీ అక్క కళ్ళు మూసుకుంది.

ఇంజన్ వేసి అతుకుల చుట్టూ సబ్బునీళ్ళు రాశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. ఎక్సిలేటర్ తొక్కి వదిలాడు, మళ్ళీ తొక్కి వదిలాడు. గలగల లేదు. మిగిలింది ఇంజన్ ఊపిరి ఒక్కటే, ముసలిదే కానీ నిదానంగా.

“బాగుందిరా,” అంది అక్క. పర్సు తీయబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు.

బండి దించి, అడుగున చేతి గుడ్డ మరిచిపోలేదని చూసి, ఇంజన్ ఆపి, తాళం చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“తాళం ఇవ్వరా. మధ్యాహ్నం దుప్పట్లు దింపాలి.”

“దుప్పట్లు టైర్ల కొట్టాయన ఆటోలో పంపు. నేను చెప్పానని చెప్పు. ఆయనా రావాలి కాబట్టి ఎలాగూ కబురు పెట్టాలి.”

“ఎక్కడికి రావాలి?”

ఇంతసేపూ లైటు పట్టుకుని నిలబడ్డ భార్య ముందుకొచ్చింది. పొద్దున నిలేసిన మనిషి, ఇప్పుడు గొంతు బాగా తగ్గించింది. “ఏవండీ, అది వదినగారి బతుకుతెరువు. ఆవిడేం చేసింది? తాళం ఇచ్చేయండి. ఆ డబ్బా మన దగ్గరే ఉంది కదా, ఎక్కడికి పోతుంది?”

“తొమ్మిదేళ్ళూ నువ్వే కదే గుర్తు చేస్తూ వచ్చింది,” అన్నాడు మేస్త్రీ.

“మరవొద్దన్నాను. ఆవిడ మీద తీర్చుకోమన్నానా?”

అతను భార్యని చూశాడు, అక్కని చూశాడు. అక్క కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ పడటం లేదు. వీధిలోంచి వచ్చిన గాలికి గోడ మీద కన్వర్టర్ కొంచెం ఊగింది. లోపల మిగిలిన ముక్క ఒకటి అటూ ఇటూ తగిలి ఆగింది.

“రేపు పరీక్షకి ఎవరు తీసుకెళ్తారురా? పది గంటలకి టైమిచ్చారు. తప్పితే నెల దాకా దొరకదు. ఈ ఒక్కసారికీ నా మొహం చూసి...”

“పరీక్ష పాసవుతుంది, పూచీ నాది,” అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. “సాయంత్రం బావ రాగానే చెప్పు. రేపు ఎనిమిదింటికి ఆయనే ఇక్కడికి రావాలి. రంగుల మేస్త్రీనీ, టీ కొట్టావిడనీ, టైర్ల కొట్టాయన్నీ వెంటబెట్టుకుని రావాలి. పాలాయన్ని నేను పిలుస్తాను. ఆ డబ్బా ఎవరిదో, ఈ బండికి ఎలా వచ్చిందో వాళ్ళందరి ముందూ ఆయన నోటితో ఆయనే చెప్పాలి. అప్పటిదాకా బండి ఈ షెడ్డు గడప దాటదు.”