పదకొండు బొంతల స్టూడియో

మా గల్లీలో నా మాటను సగానికి కోసి నమ్ముతారు. ఆ సంగతి తెలుసు కాబట్టి నేనే ముందుగా రెట్టింపు చేసి చెప్తాను, లెక్క సరిపోతుంది. రాయచూరు ఎండకు ఒక కాకి గాల్లోనే వేగిపోయి మా మిద్దె మీద పడిందనీ, నీళ్లు చల్లితే లేచి, ఉప్పు తక్కువైందన్నట్టు తన రెక్కను తానే నాకి చూసుకుందనీ చెప్పినప్పుడు, కాకి పడిన మాట వరకు అందరూ ఒప్పుకున్నారు.

మా ఇంట్లో రికార్డింగ్ స్టూడియో ఉందన్నది కూడా అలాంటి కాకే. టీ హోటల్లో నలుగురు కూర్చున్నారు, ఎవరో పాటల మాట ఎత్తారు, నా నోరు ఊరుకోలేదు.

"మా ఇంట్ల చీమ దగ్గినా రికార్డయితది. మొన్న ఆ దగ్గు విని డాక్టరు చీమకు సిరప్ రాసిచ్చిండు" అన్నాను.

అందరూ నవ్వారు. మూల బల్ల దగ్గర బన్నును టీలో నానబెట్టుకుంటున్న ఒక్క మనిషి నవ్వలేదు. ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. నలభై ఏళ్లుగా మా ఊరి పెళ్లిళ్లన్నీ ఆయన ఊపిరి మీదే నడిచాయి. నాకు చుట్టం కాడు, ఊరందరికీ 'కాక', అంటే బాబాయి.

మర్నాడు పొద్దున ఆ కాక నల్లపెట్టె చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, నీ స్టూడియో ఏ అర్రల ఉన్నది?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు ఆయన నోరు తెరిచి, పై వరస ముందు పన్నును వేలితో అటూ ఇటూ ఊపి చూపించాడు. అది గాలికి ఊగే తలుపులా కదిలింది.

"సోమవారం దవాఖానల మీది పండ్లన్నీ తీస్తరంట" అన్నాడు.

"కొత్తవి పెడతరు గద కాక."

"పెడతరు. బుక్కెడు బువ్వ తినొచ్చు. వాయించుడు వేరే. ఈ పండ్లు క్లారినెట్ మూతి మీద ఆనితెనే నా ఆవాజ్ వస్తది. పెట్టుడు పండ్లకు వచ్చేది ఇంకెవరిదో ఆవాజ్." చంకలోని పెట్టెను తట్టి అన్నాడు. "అప్పగింతలప్పుడు వాయిస్త జూడు, ఆ పాట. అది సినిమాది గాదు బిడ్డా, నాది. కాయిదం మీద లేదు, ఇంకొకరికి రాదు. అదొక్కటి పట్టి పెట్టు."

అబద్ధానికి తడుముకోని నాలుక నిజం దగ్గర మొరాయించింది. ఇంతలో నా భార్య లోపలి నుంచి వచ్చి, "శనివారం రా కాక, మధ్యాహ్నం రెండు గంటలకు. అంతవరకు స్టూడియోల చీమలు ఖాళీ చేస్తయి" అని పంపించింది.

కాక గల్లీ మలుపు దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఇప్పుడు కట్టు నీ స్టూడియో."

"నువ్వే గద రమ్మన్నవు!"

"పెండ్లి చేసి మా మాన్వి నుంచి నన్ను తోలిచ్చిన నాడు ఆ పాట నా ఎనక వాయించుకుంట వచ్చిండు. ఏడ్చుకుంట సగమే విన్న. తక్కిన సగం ఇన్నేండ్లకన్న విననియ్యి."

చేతిలో మూడు రోజులు. మా దగ్గర ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్, చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, బోలెడు ధైర్యం. థర్మల్ పవర్ స్టేషన్ క్వార్టర్స్‌లో ఒక ఆంధ్రా ఉద్యోగి భజన పాటలు రికార్డు చేసుకునేవాడని విని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన అటక మీద నుంచి మైకునూ, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే అరచేయంత పెట్టెనూ దించి దుమ్ము దులిపాడు.

"ఉత్తినే మూలపడున్నాయండి, పట్టుకెళ్లండి. పనయ్యాక తెచ్చేద్దురుగాని. ఒక్కమాట చెప్తాను గుర్తెట్టుకోండి. మైకు ఎంత మంచిదన్నది తర్వాత సంగతి, ముందు గది. ఖాళీ గోడలుంటే శబ్దం బంతిలాగా కొట్టుకుని ఇంకోసారి వచ్చేస్తది. గోడలకి ఏదన్నా మెత్తగా కట్టండి."

రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుందని చెప్పి ఆయనే ఎక్కించి ఇచ్చాడు. మైకు స్టాండు కోసం డబ్బు పెట్టాల్సిన పని లేకపోయింది. రెక్కలు విరిగి మూలన పడున్న మా స్టాండు ఫ్యాను మెడకు మైకును నా భార్య జడ రబ్బరుతో కట్టాను. గాలి పోసి పోసి అలసిపోయిన ఆ ఫ్యాను, ఇక గాలిని వినే ఉద్యోగంలో చేరింది.

ఇక మెత్తన. పత్తి పండే జిల్లాలో మెత్తనకు కరువా? నా భార్య గల్లీ అంతా తిరిగి పాత చీరలతో కుట్టిన బొంతలు పోగేసింది. పదకొండు వచ్చాయి. గోడలకు తొమ్మిది వేలాడదీశాం, నేల మీద రెండు పరిచాం. తలుపు వేసి "హో" అని అరిచి చూశాను. ఆ కేక బొంతలను చూసి జంకి మళ్లీ నా నోట్లోకే వచ్చి కూర్చుంది. మూడు దగ్గులు దగ్గాను, ఒక్కటి కూడా బయటకు పోలేదు, ఇప్పటికీ లోపలే ఉన్నాయి. ఈ రెండు మాటల్లో మీకు నచ్చిన సగం తీసుకోండి.

మధ్యాహ్నం రెండు గంటలు అనడంలో నా భార్య తెలివి శనివారం గానీ నాకు అర్థం కాలేదు. మే నెలలో ఆ వేళకు మా ఊళ్లో ఆటో కదలదు, షట్టర్ తెరుచుకోదు, కుక్క కూడా మొరగడం రేపటికి వాయిదా వేసుకుంటుంది. ఏ స్టూడియోకూ దొరకని నిశ్శబ్దాన్ని ఎండ మాకు ఉచితంగా ఇచ్చింది. ఫ్రిజ్ ఆపాం. గోడ గడియారం తీసి బియ్యం డబ్బాలో పెట్టాం. సీలింగ్ ఫ్యాను ఆపగానే ఆ గది పొయ్యి మీది కుండ అయింది.

ఆ కుండలోకి కాక ఎర్రకోటు తొడుక్కుని వచ్చాడు. భుజాల మీద జరీ కుచ్చులు, మెడ దాకా ఇత్తడి గుండీలు.

"కాక, కోటు ఇప్పు, సచ్చిపోతవు!"

"డ్రెస్ లేకుంటె ఊపిరి కుదరదు బిడ్డా."

కుర్చీలో కూర్చోబెట్టాను. క్లారినెట్ ఎత్తాడు, ఊదాడు. ల్యాప్‌టాప్ తెర మీద శబ్దం కొలిచే గీత ఒక్క దూకుతో ఎరుపెక్కింది. హెడ్‌ఫోన్లలో రేకులు చించినట్టయింది. నలభై ఏళ్లు పది డోళ్ల మీదుగా వినబడాలని ఊదిన ఊపిరి మరి. మైకును దూరం జరిపి, మెల్లగా వాయించమన్నాను. మెల్లగా వాయిస్తే పాట మధ్యలో తెగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే తెగింది. క్లారినెట్ నోట్లోంచి తీస్తే దాని మూతి మీద సన్నగా నెత్తురు. కాక తువ్వాలతో తుడుచుకుని పన్ను తడిమి చూసుకున్నాడు.

"ఇంకొక్కసారి ఆగుతది. రెండుసార్లు ఆగదు."

ఈ గది నాది, ఈ అబద్ధం నాది. పాట పోతే ఆయనది పోతుంది.

"తప్పు నాది గాదు, నీది గాదు" అన్నాడు కాక. "నేను కూసోని వాయించినోణ్ణి గాదు బిడ్డా, నడిచి వాయించినోణ్ణి. కాలు కదలకుంటె ఈ పాట కదలదు. ఇంకొకటి, ముందట పెండ్లిపిల్ల నడవాలె. ఎవరి ఎనక వాయించాలె నేను?"

నా భార్య ముందుకు వచ్చింది. చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని మైకు ముందు నిలబడింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, జుట్టు సగం నెరిసింది.

"నేను నడుస్త కాక. నువ్వు నా ఎనక రా. మాన్వి అనుకో."

కాక క్లారినెట్ ఎత్తుకున్నాడు. "ఆయ్తు, సరే, నడువు తల్లీ" అన్నాడు. నేను రికార్డు మీట నొక్కి, నొక్కానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను.

మైకు చుట్టూ ఆమె నడిచింది. ఆమె వెనక ఎర్రకోటు. బొంతల మీద అడుగుల చప్పుడు లేదు. హెడ్‌ఫోన్లలో పాట దగ్గరికి వచ్చింది, దాటిపోయింది, తిరిగి వచ్చింది. ఇన్ని పెళ్లిళ్లలో నేను విన్నది డోళ్ల కింద నలిగిన గొంతును. ఇది ఆ గొంతు కాదు. ఊపిరి తీసుకునే చప్పుడు వినబడుతోంది, మీటల మీద వేళ్లు వాలడం వినబడుతోంది. ఒకచోట స్వరం పైకి పోయి, ఇక పోలేక, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసిన మనిషిలా ఆగింది. ఆ గదిలో, ఆ ఉడుకులో, చలి వేసింది నాకు. ఇది సగానికి కోయకండి. నేను పెంచలేదు, పెంచడానికి చోటు లేదు.

పాట అయిపోయింది. నా భార్య అక్కడే బొంత మీద కూర్చుండిపోయింది. కొంగుతో తుడుచుకున్నది చెమటొక్కటేనో కాదో నేను చూడలేదు. నాకు కూడా చెమట పట్టింది.

హెడ్‌ఫోన్లు కాక చెవులకు పెట్టి మొదటి నుంచి వినిపించాను. ఆయన కదల్లేదు. కళ్లు మూయలేదు. గోడ మీది బొంతలో ఏదో చదువుతున్నట్టు చూస్తూ విన్నాడు. చివరికి హెడ్‌ఫోన్లు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల నుంచి వాయిస్తున్న. నా ఆవాజ్ గిట్లుంటదని నాకే ఎరుక లేదు. డోళ్లు ఎన్నడు విననిచ్చినయి?"

ఒక లోపం ఉంది. ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకునే ప్రతిచోటా వదులు పన్ను క్లారినెట్ మూతికి తగిలి టిక్కుమంటోంది. అలాంటివి చెరిపేయవచ్చని క్వార్టర్స్ ఆయన చెప్పాడు.

"ఆ టిక్కు తీసెయ్యమంటవా కాక?"

"వద్దు బిడ్డా. సోమవారం డాక్టరు ఎట్లాగూ తీస్తడు. నువ్వన్న ఉంచు."

సోమవారం సాయంత్రం దవాఖాన నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. నోటి నిండా దూది, బూరెల్లా ఉబ్బిన బుగ్గలు. మాట్లాడకూడదట. చేత్తో చెవులు చూపించి హెడ్‌ఫోన్లు అడిగాడు. వింటూ ఉంటే ఆయన వేళ్లు మోకాలి మీద మీటలు నొక్కుతూ పోయాయి. మొదటి టిక్కు దగ్గర ఆగి, నా భార్య వైపు తిరిగి, నోరు తెరిచి, దూది పక్కకు జరిపి, ఆ చప్పుడు ఇదివరకు ఉన్న చోటును వేలితో చూపించాడు. నవ్వాడనే అనుకుంటాను. ఆ బుగ్గల్లో సరిగ్గా తెలియలేదు.