డప్పు వాళ్లు రాని ఊరేగింపు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి వేసవిలో, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో నేను చీఫ్ మిక్సింగ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, సముద్రం వైపున్న ఒక ఊరి జాతర పని నాకు అప్పగించారు. చీఫ్ అన్నారు కదా అని నా కింద పదిమంది ఉన్నారనుకోకండి. పాడేవాళ్ల ముందు మైకు పెట్టేదాన్నీ నేనే, రికార్డు చేసేదాన్నీ నేనే, ఆ గొంతుల్నీ వాద్యాల్నీ సరిపాళ్లలో కలిపి బయటికి పంపేదాన్నీ నేనే. ఆ చివరి పనినే మిక్సింగ్ అంటారు. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చి ఏసీ గదిలో కూర్చుంటే మళ్లీ బస్సెక్కేదాకా ఎండ మొహం చూసేదాన్ని కాదు.

జాతర కమిటీ ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చారు. మర్యాదస్తులే, ప్రతి మాటకీ అండీ తగిలించేవారు. అమ్మవారి ఊరేగింపు మొత్తానికి సరిపోయే డప్పు వాద్యం కావాలనీ, మనిషి వాయించినట్టే ఉండాలనీ చెప్పారు. ఆ ఊళ్లో డప్పు మోగందే అమ్మవారి పల్లకీ భుజానికెత్తరట. మరి డప్పు వాళ్లనే ఇక్కడికి తీసుకురావచ్చు కదా, మంచి రికార్డింగ్ చేసిస్తానన్నాను. వాళ్లు ఊళ్లో లేరండీ, పనులకని హైదరాబాద్ వెళ్లిపోయారు అన్నారాయన. నమ్మాను. నమ్మకపోవడానికి కారణమేం కనిపించలేదు.

డ్రమ్ శాంప్లింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. వాద్యం మీద ఒక్కో దెబ్బనూ విడిగా రికార్డు చేసి కంప్యూటర్లో పెడతారు. మనం కీబోర్డు మీద మీట నొక్కితే ఆ దెబ్బ పలుకుతుంది. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఏమిటంటే, ఒకే దెబ్బను మళ్లీ మళ్లీ వాడటం. అప్పుడది టైపు మిషను కొట్టినట్టు ఉంటుంది. ఏ మనిషీ రెండుసార్లు ఒక్కలాగే కొట్టలేడు. అందుకని ఒకే జోరులో కొట్టిన దెబ్బలు అనేకం ఉండాలి, అవి మారుతూ రావాలి. మెల్లగా కొట్టినది వేరు, గట్టిగా కొట్టినది వేరు. మెల్లటి దెబ్బ వాల్యూము పెంచితే గట్టి దెబ్బ అయిపోదు. రెండో తప్పు, కంప్యూటరు తెర మీద కనిపించే తాళం గీతల మీద ప్రతి దెబ్బనూ అచ్చంగా కూర్చోబెట్టడం. కుడిచేతి లావు పుల్ల నడక చూపిస్తుంది. ఎడమచేతి సన్న పుల్ల దాన్ని తరుముతూ ఒక్క పిసరు ముందే పడుతుంది. ఆ పిసరును చెరిపేస్తే ఇక డప్పులో మిగిలేది చప్పుడే.

మా స్టూడియోలో కొనిపెట్టుకున్న శబ్దాల పెట్టెలో డప్పు అన్న పేరుతో ఏదో ఉంది గానీ, దాన్ని కొట్టినవాడికి డప్పును మంట దగ్గర కాచాలని ఎవరూ చెప్పినట్టు లేదు. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టుంది. అందుకని గత జాతర వీడియో ఒకటి పంపమని ప్రెసిడెంటు గారిని అడిగాను. ఫోనుతో తీసిన వీడియో పంపారు. చూద్దును కదా, పల్లకీకి ముందు నిలబడి వాయిస్తున్నది యేసోబు గారు!

యేసోబు గారు నాకు తెలిసినవారే. అంతకు కొన్నేళ్ల ముందు ఒక లఘుచిత్రం కోసం వచ్చి వాయించారు. పని అయిపోయాక విడి దెబ్బలు కూడా కొట్టి ఇమ్మని అడిగితే, పాట లేకుండా ఉత్త దెబ్బలెందుకమ్మా అని నవ్వి, డప్పు మళ్లీ కాచుకొచ్చి మరీ ఇచ్చారు. ఇంకెక్కడైనా వాడాల్సి వస్తే ముందు మీకు చెబుతానన్నాను. ఇలాంటి మాటకు మా వృత్తిలో కాగితాలుండవు. కానీ నేను ఎవరి దెబ్బలు దాచినా అడక్కుండా బయటికి పంపేదాన్ని కాదు.

చిత్తుప్రతికి ఆ దెబ్బల్నే వాడాను. వీడియో చూస్తూ ఆయన నడకను మీట మీద వాయించాను. ఇక మిక్సింగ్ ప్లగిన్ల సంగతి. శబ్దానికి మెరుగులు దిద్దే చిన్న చిన్న ప్రోగ్రాములవి. చేతిలో వంద ఉన్నాయని వందా తగిలించేవాళ్లను చూశాను. నేను వాడినవి రెండే. ఏసీ గదిలో పట్టుకున్న ముక్కుగొంతు తీసెయ్యడానికి ఈక్వలైజరు, మెల్లటి దెబ్బలు ఊరేగింపు గోలలో మునిగిపోకుండా కంప్రెసరు. గదిలో మోగినట్టు వినిపించే రెవర్బు అసలు పెట్టలేదు, వీధికి గోడలెక్కడివి? వీధిలో మైకుసెట్టు షాపు నుంచి ఒక గరాటు హారన్ను అరువు తెచ్చి, మా ఖరీదైన స్పీకర్లు ఆపేసి అందులోనే విన్నాను. జనం వినేది అందులోనే మరి.

బ్రహ్మాండంగా కుదిరింది. నా సర్వీసులో డప్పుకు అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. ప్రెసిడెంటు గారు వచ్చి విని, సరిపోయిందండీ, ఇక ఎవరి గడ్డం పట్టుకోనక్కర్లేదు అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది గానీ అర్థం కాలేదు.

ఫైలు ఇచ్చేముందు యేసోబు గారికి ఫోన్ చేశాను. హైదరాబాదులో ఎక్కడున్నారని అడిగితే, నేనెందుకెల్తానమ్మా, ఇంటికాడే ఉన్నాను అన్నారు. సంగతి చెప్పాను. అప్పుడాయన విడమరిచి చెప్పారు. జాతర రోజు పొద్దున్నుంచీ వీళ్లే వాయిస్తారు. భోజనాల వేళ మాత్రం ఊరంతా తిన్నాక వీళ్లకు కాలవ గట్టు మీద వడ్డిస్తారు. ఈసారి అందరితోపాటు వరసలో కూర్చుంటామన్నారు. కమిటీ కుదరదంది. అయితే మేం వాయించం అన్నారు వీళ్లు. డప్పు లేనిదే పల్లకీ లేవదు గనక కమిటీయే దిగొస్తుందని ఎదురుచూస్తున్నారు.

"మా డప్పు వద్దనలేదమ్మా ఆళ్లు. మమ్మల్ని పక్కన కూర్చోవద్దన్నారు," అన్నారాయన. "ఇప్పుడు మీరు డప్పొక్కటీ ఇడదీసి ఇస్తే, ఇంక మేం ఎందుకు?"

ఇవ్వనని చెప్పాను. ఒళ్లు మండిపోయింది. తిన్నగా మా యజమాని ప్రసాద్ గారి గదిలోకి వెళ్లి, ఈ పని మనం చెయ్యకూడదన్నాను. ఆయన అరవలేదు, విసుక్కోలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"మనం ఊరి తగువులు తీర్చేవాళ్లం కాదండీ. అడిగిన సౌండు ఇచ్చేవాళ్లం," అన్నారు.

నేను నా గదికొచ్చి యేసోబు గారి దెబ్బలన్నీ తీసేసి, వాటి స్థానంలో ఆ అట్టపెట్టె శబ్దాలు పెట్టాను. అది విన్నవాడెవడూ పల్లకీ ఎత్తడు. మొదటిది చెరిపేశాను, ఇక ఇంతకన్నా రాదని ప్రసాద్ గారికి చెప్పి, ఫైలు అప్పజెప్పి ఇంటికి వెళ్లాను. చెడ్డ మిక్సింగ్ చేసి తృప్తిగా బస్సెక్కింది జన్మలో ఆ ఒక్కరోజే.

జాతర అయిన మర్నాడు యేసోబు గారే ఫోన్ చేశారు. పల్లకీ లేచిందని చెప్పారు. ట్రాక్టరు మీద హారన్లు కట్టి ఊరంతా తిప్పారట. ఎడం పుల్ల దెబ్బ వినగానే తెలిసిపోయిందట ఆయనకు. నేను తీసేశానండీ అని ఒట్టేసి చెప్పాను.

"మీరు తీసేశానంటే నమ్ముతానమ్మా. కానీ అది నా చెయ్యే. మా వాడోళ్లు కొందరు, నేనే కమిటీతో రాజీపడి ఎల్లి వాయిస్తన్నాననుకున్నారు. నేను అరుగు మీద కూర్చునుండగా, ఇంటికొచ్చి చూసి పోయారు."

తర్వాత ప్రసాద్ గారిని నిలదీశాను. స్టూడియో యంత్రాలు మేం చేసిన ప్రతి పనినీ, పాత ప్రతులతో సహా, వేరే డిస్కులో దాచుకుంటాయి. పని పోగొట్టుకోకుండా ఆ ఏర్పాటు చేయించింది నేనే, ఆ రోజు కోపంలో అది గుర్తుకే రాలేదు. ఆయన అందులోంచి ముందటి ప్రతి తీసి పంపేశారు. అది ఆయనకు తప్పుగా తోచలేదు. మంచి ప్రతి ఉండగా చెడ్డది ఎందుకు ఇస్తామండీ అని నన్నే అడిగారు. నేను కొన్నాళ్లకే అక్కడ మానేశాను. ఆ ఊళ్లో మరుసటి జాతరకూ అదే ఫైలు మోగిందని యేసోబు గారు చెప్పారు. కమిటీ నుంచి వాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. వరసలో కూర్చోవడం మాట మళ్లీ ఎవరూ ఎత్తనే లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు దెబ్బల జోరు గురించీ, కంప్రెసరు గురించీ నన్ను అడుగుతుంటారు. చెబుతాను. దాంతోపాటు ఇదీ చెబుతాను. మనిషి బతికుండగా అతని వాద్యం మాత్రమే కావాలని ఎవరైనా వస్తే, మనిషి ఎందుకు రాలేదో ఆ మనిషినే అడగండి, అదీ మైకు పెట్టకముందే, మీట నొక్కకముందే. ఒప్పుకోకూడని పనైతే అప్పుడే ఒప్పుకోకండి. ఒకసారి బాగా కుదిరిందంటే, దాన్ని ఆపడం చేసినవాళ్ల చేతిలో ఉండదు.