దానయ్య మావ సొరబిళ్ళ

చింతపండు గుజ్జూ, పొయ్యి బూడిదా కలిపి వెండి మీద రుద్దితే ఒక వాసన పుడుతుంది. ఈ ఉదయం పెరట్లో మా ఆవిడ కుందులు తోముతుంటే ఆ వాసన కిటికీలోంచి వచ్చి, నా ముక్కు పట్టుకుని, గోడ దూకించి పక్కింటి దానయ్య మావ గుమ్మంలో నిలబెట్టింది. మావ పోయి చాలాకాలమైంది. వాసనలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కవిటి అవతల, కొబ్బరితోటల్లో ఎండ కిందికి దిగడానికి అర్జీ పెట్టుకునే ఊరు మాది. దానయ్య మావకు మీసాలుండేవి. ఒక కొస సోంపేట వైపు, ఇంకో కొస టెక్కలి వైపు చూసేవని నేననేవాణ్ణి. చిన్నతనంలో వల లాగి, ఆ తరువాత ఓడల్లో కళాసీగా దేశాలు తిరిగినవాడు. కొలువు మాని ఇంటికొచ్చేటప్పుడు ఓడ కెప్టెను ఆయనకు ఒక వెండి నాణెం బహుమానంగా ఇచ్చాడు. ఏదో దీవుల దేశంలో, సరదాగా దాచుకునేవాళ్ళ కోసం వేసిన నాణెమట. అరిసెంత ఉండేది. కొంచెం తక్కువేమో, అరిసె చిన్నదైతే సమానమే. ఒకవైపు ఎవరో దొరసాని తల. రెండోవైపు నోరు తెరుచుకుని మీదికొస్తున్న సొరచేప. పలాస స్టేషను ప్లాట్‌ఫారాలతో సహా పట్టేటంత నోరు!

ఆ నాణెం గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి వచ్చింది. మావ దాన్ని కొబ్బరికాయ కొట్టినట్టు కత్తి మడమతో కొట్టి, సొరను బయటికి తీసి గంగమ్మ పటం పక్కన పెట్టాడు. దేవుడి గూట్లో చేరిన వెండికి మా వైపు ఒకటే మర్యాద. ఆయన భార్య ఆదెమ్మత్త ప్రతి శుక్రవారం కుందులతోపాటు దాన్నీ చింతపండు, బూడిద వేసి తోమేది. ఆమె తోమితే రాగి చెంబు కూడా తప్పు ఒప్పుకునేది.

ఒకసారి టెక్కలిలో పెళ్ళికొచ్చిన విశాఖపట్నం ఆయన ఒకరు, నాణేలు సేకరించే పిచ్చి ఉన్నవాడు, సంగతి విని మా ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, పెళ్ళికొడుకు కూడా వేసుకోనంత తెల్లటి చేతితొడుగులు తొడుక్కుని, భూతద్దం తీశాడు. చూశాడు. ముఖం వాడిపోయింది.

“అయ్యో, దీన్ని తోమారా?”

“మరేటండి బాబూ, నల్లబడనిత్తామేటి? వారం వారం తోముతాను,” అంది ఆదెమ్మత్త, మెడ నిటారుగా పెట్టి.

“నల్లబడినా అలాగే ఉంచాలమ్మా. వేలు కూడా తగలకూడదు. ఇప్పుడిది ఉత్త వెండి ముక్క. చూడండి, పళ్ళన్నీ అరిగిపోయాయి.”

ఆదెమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి ముప్పై దేశాల తిరుగుడునీ తన చేత్తోనే తోమేసినట్టు ఏడ్చింది. మావ మాత్రం నాణెం తీసుకుని పంచెకొంగుతో తుడిచాడు.

“ముట్టుకోకుండా ఎట్టుకోడానికి అదేటి, కరెంటు తీగా? నువ్వూరుకోయే. పళ్ళు పోతే ఏటయింది, నోరు మూసిందేటి?”

మర్నాడే కంసాలి చేత దానికి కొక్కెం పెట్టించి మొలతాడుకు కట్టుకున్నాడు. అది చూసి ఉంటే విశాఖపట్నం ఆయనకు మూర్ఛ వచ్చేదే.

ఇక మా ఇద్దరినీ ఒక్క ఆటోలో కూర్చోబెట్టిన రోగం సంగతి. మా ఉద్దానంలో దాన్ని ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. మూత్రపిండాలు పని మానేస్తే, చేతికి సూదులు గుచ్చి, రక్తాన్ని యంత్రంలోకి పంపి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. డయాలసిస్. రోజు విడిచి రోజు పలాస వెళ్ళాలి. మావకు ముందు వచ్చింది, నాకు తరువాత. పక్కపక్క మంచాలు. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాగా నలుగురినీ నవ్వించి బతికినవాణ్ణి, ఆ సూదిని చూసి నవ్వు మరిచిపోయాను. తాటిచెట్టును చెక్కి సూది చేశారని ఊరంతా చెప్పాను. చెప్పీ చెప్పీ ఆ మాట నేనే నమ్మాను. కొన్నాళ్ళకు, ఇక వెళ్ళనని దుప్పటి ముసుగేశాను. మా ఆవిడ క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఏదైనా అంటే పోట్లాడొచ్చని చూశాను.

మావ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

“అల్లుడూ, ఆటో వచ్చీసింది. బేగి లెగు.”

“నాను రాను మావా. ఆ సూదులు నావల్ల కాదు. పసరు తాగుతాను.”

“తాగి?”

ఆయన మొలతాడు పైకి లాగి బిళ్ళ చూపించాడు.

“సూడు. ఈ జాతి సొర ఈదడం మానితే ఊపిరాడదు. ఓడ మీంచి నా కళ్ళతో సూసినాను, తిరుగుతానే ఉంటాది. అలిసిపోనానని ఎక్కడన్నా కూకుందేటి?”

“నాను సొరని కాదు మావా, జీడిపప్పు గుమాస్తాని.”

“అయితే గుమాస్తాలాగే వచ్చి ఆటోలో కూకో.”

నేను దుప్పటి ఇంకా పైకి లాక్కున్నాను. అరుగు మీద కర్ర పడేసిన చప్పుడైంది. తొంగి చూస్తే, మావ తలకింద చెయ్యి పెట్టుకుని మా అరుగు మీద పడుకున్నాడు.

“నువ్వు రాకపోతే నానూ ఎల్లను.”

ఆటోలోంచి ఆదెమ్మత్త కేక పెట్టింది. “ఓలమ్మో! మొన్న జొరమొచ్చి ఎల్లనేదు, ఒళ్ళంతా నీరు పట్టీసింది. ఒరే బాబూ, ఈ ముసిలోడు అన్నంత పనీ సేత్తాడురా. నీకు దండమెడతాను, లెగరా!”

“నువ్వు నోరు మూయే. అల్లుడు వత్తాడు,” అన్నాడు మావ, కళ్ళు మూసుకునే.

ఆయన కాళ్ళు వాచి మెరుస్తున్నాయి. ఊపిరి తీస్తే గొంతులో నీళ్ళు కదులుతున్న చప్పుడు. ఆ చప్పుడును నేను పెంచి చెప్పను. అంతకన్నా పెంచడానికి అందులో చోటు లేదు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. మావ కదలడు. ఆ పూట దాటితే ఆ మనిషి సాయంత్రం దాకా ఉంటాడన్న నమ్మకం నాకు కలగలేదు.

లేచాను. బతకాలన్న ఆశతో కాదు, ఒళ్ళు మండి లేచాను. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఆటోలో కూలబడ్డాను. పలాస దాకా దారిపొడుగునా ఆయన్ని తిట్టాను. వడ్డాది నుంచి ఇచ్ఛాపురం దాకా వాడుకలో ఉన్న తిట్లన్నీ అయిపోతే, ఒడియా తిట్లు అరువు తెచ్చుకున్నాను. ఆయన నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయాడు. ఆసుపత్రిలో ఆయన్నే ముందు పడుకోబెట్టమని నర్సుతో పోట్లాడింది కూడా నేనే. ఆ తరువాత మా ఇద్దరిలో ఎవరూ ఒక్క పూట మానలేదు. జ్వరంతో వెళ్ళాం, తుపానులో వెళ్ళాం, రోడ్డు మీద కొబ్బరిచెట్టు పడితే దాన్ని దాటి వెళ్ళాం.

మావ ఒక వేసవి మధ్యాహ్నం గంజి తాగి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. బిళ్ళను ఆదెమ్మత్త మొలతాడు నుంచి విప్పి గూట్లో పెట్టింది. నన్ను ఉంచుకోమంది. నేను పుచ్చుకోలేదు. ఆమె శుక్రవారాలు ఏం చేసుకుంటుంది?

మావ పోయాక వచ్చిన వంతుకు, మొదటిసారి ఆటోలో ఒక్కణ్ణే వెళ్ళాను. నా పక్క మంచం మీద కొత్తగా వచ్చిన కుర్రాడు, టెక్కలి వైపు వాడు, పిడికిలి బిగించి పడుకున్నాడు. నర్సు ట్రే తెచ్చింది.

“మావా, సూది నొప్పెడతాదా?” అన్నాడు.

“ఎడతాది. ఎల్లుండి కూడా ఎడతాది. ఎల్లుండి కూడా వద్దాం,” అని, ముందు నా చెయ్యి చాపాను.