పొలిమేరలో ఆగిన అరణపు ఆవు

మా మనవరాలు కాలేజీలో రాజనీతి చదువుతోంది. పక్కపక్క రాజ్యాలు ఒక కూటమిగా కలిశాక కష్టం ముంచుకొస్తే ఆ కూటమి గట్టిపడుతుందా, చెదిరిపోతుందా అన్నదాని మీద పండితులు చెప్పిన సిద్ధాంతాలను మొన్న నాకు అప్పజెప్పింది. కష్టమే జనాన్ని దగ్గరికి తోస్తుందనీ, ఒక పనిలో కలిసినవాళ్ళు ఇంకో పనిలోనూ కలవక తప్పదనీ కొందరన్నారట. ఎవరి లాభం కోసం వాళ్ళు కలుస్తారనీ, అవసరం తీరాక ఎవరి దారి వాళ్ళదేననీ ఇంకొందరన్నారట. వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఈ రెండు మాటలూ నేను తిరువూరులో కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో మా మామగారి నోటా, మా నాన్న నోటా విన్నవే.

అప్పటికింకా ఆంధ్ర, తెలంగాణ కలవలేదు. నా మెట్టినిల్లు ఆంధ్రలో, పుట్టిల్లు పొలిమేరకు అవతల హైదరాబాదు రాష్ట్రంలో. ఆ యేడు రెండు వైపులా పశువులకు పెద్దరోగం తగిలింది. నోరంతా పుళ్ళు పడి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, మేత ముట్టకుండా నాలుగైదు రోజుల్లో కూలిపోయేవి. సర్కార్లు రెండు కావడంతో, ఇటు పశువుల డాక్టరు అటు పోడు, అటు కబురు ఇటు రాదు. చివరికి రెండు వైపుల ఊళ్ళ పెద్దలే కూర్చుని ఒక కమిటీ వేసుకున్నారు. బండ్లబాటకు అడ్డంగా మోకు కట్టి, రోగం తగ్గేదాకా ఒక్క పశువూ అటూ ఇటూ దాటకూడదని తీర్మానించారు. ఇటువైపు పెద్ద మా మామగారు. అటు సంతకం పెట్టినవాళ్ళలో మా నాన్న ఒకరు.

అయినా నాన్న, పెళ్ళిలో పుట్టింటి కానుకగా, నాకు అరణంగా ఇస్తానన్న కపిలావును దూడతో సహా తోలుకుని వచ్చారు. తన కొట్టంలో రోగం లేదనే ధైర్యం ఆయనది. కబురు తెలిసి మా ఆయన నన్ను బండిలో పొలిమేరకు తీసుకువెళ్ళారు. నేను వెళ్ళేసరికి మోకుకు ఇవతల మామగారు, అవతల నాన్న, ఆయన వెనక ఆవు.

"బావగారూ, మీరు రండి, భోజనం చేద్దాం. ఆవును మాత్రం దాటనివ్వలేనండి," అన్నారు మామగారు.

నాన్న నావైపు ఒకసారి చూసి, ఆవును వెనక్కి మళ్ళించుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మామగారూ తినలేదని మా అత్తగారు తర్వాత చెప్పారు.

వారం తిరక్కుండానే ఆ ఆవు రోగంతో చచ్చిపోయింది. ఆ రోజు మామగారు ఆపి ఉండకపోతే మా అత్తింటి కొట్టం ఖాళీ అయ్యేదని నాన్నే కబురు పంపారు.

రోగం తగ్గాక కమిటీకి వచ్చేవాళ్ళు తగ్గారు. అదే పద్ధతిలో కలిసి వాగు దాటే బాట బాగుచేసుకుందామని మామగారి ఆశ. భయం పోయింది కాబట్టి ఇక ఎవరూ రారని నాన్న వాదన. నాన్న అన్నట్టే జరిగింది, ఒక్క తన విషయంలో తప్ప. చివరి రెండు మూడు సమావేశాలకూ వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే. ఎండాకాలంలో ఆ ఇద్దరే నలుగురు పాలేళ్ళను పెట్టుకుని వాగులో బండరాళ్ళు పరిపించారు. రెండు రాష్ట్రాలూ ఒకటైన రోజున ఊళ్ళో మిఠాయిలు పంచారు గానీ, ఆ రాళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్ళిద్దరూ మాత్రం మా అరుగు మీద కూర్చుని, ఎవరి సిద్ధాంతం గెలిచిందని పొద్దుగూకేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు మళ్ళీ రెండు రాష్ట్రాలయ్యాయి. తారురోడ్డు మీద ఏ బోర్డు దగ్గర రాష్ట్రం మారిందో చూసేలోపే బస్సు దాటిపోతుంది. రాకపోకలకు లోటేమీ లేదు. కానీ వాదనలో తనను ఓడించిన మనిషి పక్కనే మర్నాడు వచ్చి కూర్చునే ఆ ఓపిక ఏమైపోయిందో, నా వయసువాళ్ళలో ఇంకెవరికైనా ఎక్కడైనా కనిపిస్తోందేమో గానీ, నాకైతే కనిపించి చాలాకాలమైంది.