సొసైటీ మిషను మీద శీలావతి

“వాళ్ళ మాటలు వినకు. రంగుల మిషనే తీసుకోమను.”

“అలాగేనండీ, తీసుకోమంటాను. ముందు ఈ జావ తాగండి.”

నేనూ మా ఆయనా ఆఖరుగా మాట్లాడుకున్నవి ఇవే. పిల్లలు జాగ్రత్త అనలేదు. నువ్వెలా బతుకుతావో అనలేదు. జావ కూడా తాగలేదు. గ్లాసు నా చేతిలో ఉండగానే వెళ్ళిపోయారు.

ఆయన మా కొల్లేటి లంకలో చేపలవాళ్ళ సొసైటీకి ప్రెసిడెంటు. ఆధార్ కార్డు నకలు కావాలన్నా, అర్జీ అచ్చు వేయించాలన్నా ఆటో ఎక్కి ఆకివీడు పోవాల్సి వచ్చేది. అందుకని జిరాక్సు, ప్రింటు, స్కాను అన్నీ ఒక్కటే చేసే మిషను ఆఫీసుకు కొందామనుకున్నారు. మెంబర్లంతా నల్లగా అచ్చేసేది చాలన్నారు. ఆయనొక్కరూ రంగులది కావాలన్నారు. ఎందుకో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మనిషి మంచంలో ఉంటే మిషను సంగతి ఎవరడుగుతారు?

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడుస్తూ, “ఆఖర్న ఏమన్నాడమ్మా?” అని అడిగేవాళ్ళు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “రంగుల మిషను కొనమన్నారు” అనేదాన్ని. ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయేది. ఒక ముసలావిడ ముక్కు చీదుకుని, “టీవీయా అమ్మా?” అంది.

“కాదు పిన్నీ, జిరాక్సు.”

“అయ్యో నా తల్లీ!” అని ఆవిడ ఇంకా గట్టిగా అందుకుంది.

నవ్వకుండా రాయవే. ఈ రాసేది మా చెల్లెలి కూతురు, దీనికి ప్రతిదానికీ నవ్వే. ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు. పోయే మనిషికి అలాగేనండీ అన్నాను. ఆ మిషను రాకపోతే నేను ఆయనతో అన్న ఆఖరి మాట అబద్ధమైపోతుంది. అదీ నా బాధ.

ఆయన కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు. నా మీద జాలితో కాదు. మెంబర్లలో ఎవరిని కూర్చోబెట్టినా మిగతావాళ్ళకు కడుపుమంట, నేనైతే ఎవరికీ మంట లేదు. సంతకం మాత్రం వచ్చు, మిగతా చదువు రాదు. మొదటి మీటింగులోనే రంగుల మిషను సంగతి ఎత్తాను.

“రంగులెందుకండీ అక్కా?” అన్నాడు మా సెక్రటరీ. “అర్జీ నల్లగానే ఉంటుంది, ఆఫీసరు దాన్ని చూడకుండానే పక్కన పెడతాడు. రంగులేస్తే చూస్తాడా ఏంటండీ?”

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఏ మాటా తేల్చలేదు. చేపల వేలంలో రెండు గంపలు పక్కపక్కన పెట్టనిదే ఆయన ధర చెప్పరు. “రెండూ ఒక్కచోటికి తెప్పించండి, చూద్దాం” అన్నారు.

ఏలూరు నుంచి ఒకతను నల్లది తెచ్చాడు, బీరువా అంత ఉంది. తాడేపల్లిగూడెం నుంచి ఇంకొకతను రంగులది తెచ్చాడు. రెండింటినీ ఆఫీసులో పెట్టేసరికి మేము గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది. ఏలూరు అతను అద్దం మీద మూత ఎత్తి, “దీనిమీద ఏది పెడితే అది కాగితం మీదకు దిగిపోద్దండి” అన్నాడు.

“ఏది పెట్టినానా?” అన్నారు బావగారు.

“ఏది పెట్టినా సరేనండి.”

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది. ఆ పూట పక్క చెరువులో వలలేసి చేపల పట్టుబడి చేస్తున్నారు. బావగారు వెళ్ళి, ఒక శీలావతి చేపను మొప్పల్లో వేలు దూర్చి పట్టుకొచ్చారు. ఇంకా కొట్టుకుంటోంది.

“ఏవండీ, అద్దమండీ! ఏవండీ!”

“కడిగిన చేపేనయ్యా. నీ అద్దం కన్నా శుభ్రంగా ఉంది.”

మొప్ప తెరిచి, ఆ వైపు అద్దానికి ఆనేలా పడుకోబెట్టి మూత వేశారు. తోక బయటే ఉండిపోయింది. చేప కొట్టుకుంటుంటే మూత ఎగిరెగిరి పడింది. పచ్చటి వెలుగు అటునుంచి ఇటు పోయింది, కాగితం వచ్చింది. తర్వాత అదే చేపను గూడెం మిషనులోనూ పెట్టారు. గూడెం అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మెంబర్లంతా కాగితాల మీద పడ్డారు. బావగారు నల్ల కాగితం వెలుతురుకు పట్టి చూశారు. “కళ్ళు పీక్కుపోయాయి, మొప్ప నల్లబడింది. ఇది నిన్నో మొన్నో పట్టింది. దీన్ని ఎవడూ కొనడు.”

“చేప ఇక్కడే కొట్టుకుంటోంది కదండీ” అన్నాడు ఏలూరు అతను.

“దాని సంగతి కాదయ్యా, దీని సంగతి” అని కాగితం చూపించారు. ఇంకొకాయన వాసన కూడా చూసి, “అవునండోయ్, చెడింది” అన్నాడు.

రంగుల కాగితంలో మొప్ప మందారంలా ఎర్రగా వచ్చింది. “ఇదీ చేపంటే! ఇప్పుడే పట్టింది. ఐసు వేసి లారీ ఎక్కించెయ్యొచ్చు” అన్నారు బావగారు. చేతులన్నీ లేచాయి. నేను రాత్రంతా కూడదీసుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. మా ఆయన మాట ఎవరికీ గుర్తే లేదు. చేపకు ఇచ్చిన విలువ ఆయనకు ఇవ్వలేదని నాకు కోపమే వచ్చింది.

వానాకాలం రాకుండానే మిషను ఆగిపోయింది. అందులో పసుపు రంగు అయిపోయిందట. అది నింపేదాకా నల్ల అక్షరం కూడా వెయ్యదట.

“నల్లటి అర్జీకి పసుపు ఎందుకయ్యా?” అన్నారు బావగారు.

“అది అంతేనండీ. ఒక్కటి లేకపోతే మొత్తం మానేస్తుంది” అన్నాడు సెక్రటరీ.

“మా ఇంటావిడ లాంటిదే తగిలింది! తిరిగిచ్చేసి ఏలూరుది తెండి.”

మళ్ళీ చేతులు లేవబోయాయి. ఈసారి చేప లేదు, నేనే లేచాను. “కూరలోకి పసుపు నిండుకుంటే పొయ్యి అమ్ముకుంటామా బావగారూ? ఇది మీ తమ్ముడు కావాలన్న మిషను. ఉంచమని నేను చెబుతున్నాను. గూడెం వెళ్ళి పసుపు తెండి.” బావగారు సెక్రటరీ వైపు తిరిగి, “ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటి? బస్సు పోద్ది” అన్నారు.

ఆయనకు రంగులెందుకు కావాలనిపించాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా అడిగితే, చేపలు చూడ్డానికి అంటాను.

ఇంక చాలు, కలం పక్కన పెట్టు. ఏదీ, మొదటి నుంచి గట్టిగా చదువు, వింటాను. నీ సొంత మాటలేమైనా దూర్చావో, అక్కడే ఆపుతాను.