పేతురు కాళ్లకు చుట్టుకున్న గుర్రపుడెక్క

ముప్పై ఏళ్లకు పైగా ఏలూరులో బోర్డులు రాస్తున్నాను. షాపుల పేర్లు, బడి గోడలు, చర్చిల్లో బైబిలు బొమ్మలు. బొమ్మల గురించి పుస్తకాలు రాసేవాళ్లు, సభలు పెట్టేవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ నా దుకాణం గడప తొక్కలేదు. తొక్కకపోతే పోనీ. నేను వేసిన బొమ్మకు ఇంకొకరి పేరు పెట్టారు. ఫోన్ చేస్తే ఎత్తరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కరోనాకు ముందు ఏడాది, వేసవి. కొల్లేటి లంకలో ఒక చిన్న చర్చి. పీఠం వెనక గోడకు పెద్ద బొమ్మ కావాలన్నారు. నీళ్ల మీద నడిచే ప్రభువు దగ్గరకు తానూ నడవబోయి, భయపడి మునిగిపోతున్న పేతురు. ఖర్చు చేపల చెరువుల ఆసామి ప్రసాదరావు గారిది. ప్లైవుడ్ బోర్డుకు ప్రైమర్ కొట్టాను. రంగు చెక్కలోకి ఇంకిపోకుండా ముందు వేసే తెల్లటి పూత అది. ఆరాక, క్యాలెండర్లలో ఉన్నట్టే సముద్రం, తెరచాప ఓడ గీశాను.

చర్చి ఊడవడానికి వచ్చిన మార్తమ్మ గారు చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డారు. దోనె మీద వెళ్లి వలలు వేసే మనిషి.

“ఏవండీ, అంత ఓడ మన లంకకి ఎలా వచ్చిందండీ? సముద్రం నుంచి వస్తుంటే ఉప్పుటేరులో ఇరుక్కుపోదూ?”

“బైబిల్లో ఉన్నది సముద్రం కదమ్మా.”

“మాకు తెలిసింది కొల్లేరేనండీ. అదే వెయ్యండి.”

“ఎండాకాలం కొల్లేరు నడుంలోతు. అందులో పేతురు ఎలా మునుగుతాడు?”

ఆవిడ నవ్వారు. “మునిగేది లోతుకి కాదండీ, కాళ్లకి డెక్క పడితే. భయపడి తన్నుకునే కొద్దీ ఇంకా చుట్టుకుంటది. మా చిన్నాన్న అలాగే పోయాడు.”

ఆ మాటతో ఓడ చెరిపేశాను. దోనె వేశాను, పచ్చటి నీళ్లు వేశాను, దూరంగా గూడబాతులు. నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క మొక్క వేళ్లు పేతురు కాళ్లకు చుట్టాను. బొమ్మ పూర్తయ్యాక మార్తమ్మ గారు ఆ కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూశారు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. షాపు బోర్డుకైతే కింద కుడివైపు మా పేరు, ఊరు రాసుకుంటాం. దేవుడి బొమ్మ మీద రాసుకోం. ఇచ్చినవారి పేరు మాత్రం రాస్తాం. పసుపు ఎనామిల్ రంగుతో ప్రసాదరావు గారి పేరు రాసింది నా చెయ్యే.

తర్వాత చర్చికి స్లాబు వేస్తూ ఆ బోర్డును ఆయన చేపల మేత గోడౌన్లో పెట్టారు. పోయినేడు హైదరాబాదు నుంచి ఒక క్యూరేటర్ మేడమ్ వచ్చి అక్కడ చూశారు. క్యూరేటర్ అంటే ప్రదర్శనలో ఏ బొమ్మ పెట్టాలో, దాని గురించి ఏం రాయాలో నిర్ణయించేవారు. కింద ఉన్నది చిత్రకారుడి పేరనుకున్నారు. ప్రసాదరావు గారు కాదనలేదు.

“మన పేతురు గారిని గూడెం తీసుకెళ్లారంటండీ” అని మార్తమ్మ గారు చెబితే ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్లాం. ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన. బొమ్మ పక్కన క్యాప్షన్, అంటే వివరాల చీటీ. అందులో ప్రసాదరావు గారి పేరు, ‘ఎవరి దగ్గరా నేర్చుకోని గ్రామీణ చిత్రకారుడు’ అని. నేను డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసైనవాణ్ణి. ఒకే చీటీలో రెండు అబద్ధాలు.

ఆధునిక చిత్రకళ మీద చర్చ మొదలైంది. వేదిక మీద మేడమ్, ఒక ప్రొఫెసర్ గారు, మధ్యలో శాలువాతో ప్రసాదరావు గారు.

“పేతురు కాళ్లకు ఈ మొక్క ఎందుకు వేశారండీ?” అని ప్రొఫెసర్ గారు అడిగారు.

“అదా... అందం కోసం డిజైనండీ.”

“చూశారా, ఎంత అమాయకమైన సృజన!”

అందరూ చప్పట్లు కొట్టారు. మార్తమ్మ గారు తల దించుకున్నారు. నేను లేచాను.

“డిజైను కాదండీ. మనిషిని చంపే డెక్క అది. వేసింది నేను.”

“ప్రశ్నలకు చివర్లో సమయం ఇస్తాం, కూర్చోండి” అన్నారు మేడమ్.

“నాది ప్రశ్న కాదండీ, జవాబు.”

ప్రసాదరావు గారు మైకు చేత్తో మూసి, “దేవదానం, నీకివ్వాల్సింది ఇచ్చేశాను కదయ్యా” అన్నారు.

“బొమ్మకిచ్చారండీ. నా పేరుకి ఇవ్వలేదు.”

సభ అయ్యాక మేడమ్‌ను వరండాలో ఆపాను. ఆధారం అడిగారు. ఊరంతా చూస్తుండగా వేశాను, ఈవిడ్ని అడగండి అన్నాను. నోటిమాట చాలదట. “కావాలంటే సహాయకుడు అని చేరుస్తాం” అన్నారు.

“వద్దండీ. కుంచె ఏ వైపు పట్టుకోవాలో తెలియని ఆయనకు నేనేం సహాయం చేశాను?”

“చూస్తాం” అని కారెక్కారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

తిరుగు బస్సులో, ఆలోచన మీది కాబట్టి మీ పేరూ రాయమంటానని మార్తమ్మ గారితో అన్నాను.

“నాది తరవాత చూద్దురు గాని, ముందు మీది రాయించుకోండి. మా చిన్నాన్న చావుని డిజైనన్నారు. దానికి మాత్రం ఊరుకోకండి.”

ఈ బొమ్మ నేర్పింది ఒకటే. ఇప్పుడు ప్రతి బొమ్మ మీదా పేరు రాస్తున్నాను. ఈమధ్య ముదినేపల్లి వైపు ఒక చర్చిలో పాస్టరు గారు అడ్డుపడ్డారు. “దేవుడి బొమ్మ మీద నీ పేరేంటయ్యా?”

“ఇచ్చినవారి పేరుకి లేని తప్పు వేసినవాడి పేరుకి ఎలా వచ్చిందండీ, అయ్యగారూ?”

ఆయన పక్కకు జరిగారు. ఆ బొమ్మలోని దోనె అంచు మీద నా పేరు రాశాను, కనపడేలా.

లంక బోర్డు ఇప్పుడు మేడమ్ ప్రదర్శనతో పాటు హైదరాబాదులో ఉంది. దాని మీద ప్రసాదరావు గారి పేరు చెరపమని నేననడం లేదు. ఇచ్చింది ఆయనే. పక్కనున్న చీటీ మార్చమంటున్నాను. మేడమ్, మార్చారా, లేదా? మార్చకపోతే ఎందుకు మార్చలేదు? నాకు చెప్పడం ఇష్టం లేకపోతే మార్తమ్మ గారికి చెప్పండి. ఆవిడా అడుగుతున్నారు.