చేపల అత్త రాని వీధి

నా చిన్నప్పుడు నరసాపురం మొత్తం మీద రొయ్య తినని ఇల్లు మాది ఒక్కటేనని నా గట్టి నమ్మకం. పీత, జెల్ల, వాలుగ కూడా మా గడప తొక్కేవి కావు. మేము యూదుల పద్ధతిలో బతికేవాళ్ళం. మా శాస్త్రం ప్రకారం రెక్కలు, పొలుసులు రెండూ ఉన్నదే తినదగిన చేప, మిగిలినదంతా పక్కింటివాళ్ళ అదృష్టం. వాళ్ళు రొయ్యల ఇగురు వండిన రోజున ఆ వాసన గోడ దూకి వచ్చి, నా పక్కనే పీట వేసుకుని కూర్చునేది.

మాకు పనికొచ్చే చేపలు తెచ్చేది చేపల అత్త. ఆమె మాకు బంధువు కాదు. రేవు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమెను వీధి పిల్లలందరం అలాగే పిలిచేవాళ్ళం. మా పట్టింపులు ఆమెకు మాకంటే బాగా తెలుసు. గంపలో పొలుసులున్న శీలావతి చేప ఉంటేనే మా గుమ్మం ముందు ఆగేది.

ఒకనాడు మణికట్టు నొప్పిగా ఉండి, మా నాయనమ్మ చేపల అత్త చేతే చేపకు పొలుసు తీయించి ముక్కలు కోయించుకుంది. మా తాతయ్య బజారు నుంచి వచ్చేసరికి పళ్ళెంలో అన్నీ పొలుసు జాడలేని నున్నటి ముక్కలే. ఆయన బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఒక్క మెట్టు వదిలేసినా లెక్క మళ్ళీ చేయించే మనిషి. ఆ రోజు మాత్రం మెట్లన్నీ ఒక్క గంతులో దాటేశారు. పొలుసుల్లేని వాలుగను శీలావతి అని అంటగట్టిందనుకుని వీధిలోకి పరిగెత్తి, ఆమెను పేరు పెట్టి పిలిచి, మోసం చేసి మా ఇల్లు మైలపరిచావని అరిచారు. ఆ గొంతుకు గోదావరి అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో రేవు దాటించే పంటు ఎక్కబోతున్నవాళ్ళు కూడా ఆగిపోయారని నేను ఇప్పటికీ చెబుతుంటాను.

నాయనమ్మ పెరట్లోని పొలుసులు చేటలో పోసి తెచ్చి చూపించేసరికి చేపల అత్త సందు మలుపు తిరిగిపోయింది.

మాస్టారు ఊరికే అనరు కదా అనుకుంది వీధి. వారం తిరిగేసరికి ఆమె గంప దించమనేవాళ్ళే లేకపోయారు. అప్పటికి మా ప్రాయశ్చిత్త దినం దగ్గర పడింది. ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటాం. దేవుడి పట్ల చేసిన తప్పులకు ఆ రోజు క్షమాపణ దొరుకుతుంది. తోటి మనిషి పట్ల చేసిన తప్పును మాత్రం దేవుడు ముట్టుకోడు. ముందు ఆ మనిషి దగ్గరకే వెళ్ళి అడగాలి.

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె పక్కింటి నుంచి కుర్చీ తెప్పించి మరీ కూర్చోబెట్టింది. తాతయ్య కూర్చోలేదు. నిలబడే చేతులు జోడించారు.

"నాకు కోపం లేదండి బాబాయ్ గారూ. క్షమించానని ఇప్పుడే అనేస్తాను. మీ ఉపవాసం మీకు జరిగిపోద్ది. మరి నాకేం అవుద్దండి?"

మర్నాటి నుంచి తాతయ్య మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, ఆమె మోసం చేయలేదని, తనే తొందరపడి నోరు జారానని చెప్పడం మొదలుపెట్టారు. ఎదురింటి పిన్నిగారు లేసు అల్లుతూ అంతా విన్నారు. విని కళ్ళు ఒత్తుకున్నారు.

"మీరు దేవుడిలాంటివారండి మాస్టారూ. మోసం చేసినదాన్ని కూడా వెనకేసుకొస్తున్నారు."

"కాదమ్మా, తప్పు నాది."

"అదేనండి మరి, అలా అనడమే మీ గొప్పతనం."

ప్రతి గుమ్మంలోనూ ఇదే వరస. ఆయన కాదన్నకొద్దీ ఆయన మంచితనం పెరిగిపోయింది, ఆమె నేరం ఖాయమైపోయింది. బతిమాలారు, ఒట్టేశారు, చివరికి కోప్పడ్డారు. వాళ్ళు కాఫీలిచ్చి పంపించారు. అరిచిన మాటను ఒక్కసారికే నమ్మిన వీధి, నెమ్మదిగా చెప్పిన మాటను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆయన మళ్ళీ మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళొచ్చారు. ఆఖరిసారి తలుపుకు తాళం ఉంది. మొగల్తూరు వైపు పల్లెల్లో అమ్ముకుంటోందని, తెల్లారకముందే బస్సెక్కి వెళ్ళిపోతోందని పక్కవాళ్ళు చెప్పారు.

ఉపవాసానికి ముందు సాయంత్రం, పొద్దు వాలకముందే అందరం భోజనాలకు కూర్చున్నాం. మూడుసార్లు అడిగితే అడిగినవాడి బాధ్యత తీరినట్టేనని మా పెద్దలు చెప్పారు కదా అని నాయనమ్మ గుర్తు చేసింది. తాతయ్య అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంచుకుని ఉండిపోయారు. నాకేమో భయం వేసింది. రేపు దేవుడు నిన్ను క్షమిస్తాడా తాతయ్యా అని అడిగేశాను.

"దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడే. ఆవిడ రేపు ఆ బరువు నెత్తిన పెట్టుకుని ఎంత దూరం నడవాలో, అది చెప్పు నాకు."

ఆయన తినకుండానే చెయ్యి కడిగేసుకున్నారు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. గాలి కబుర్లలో మా చుట్టాల్లో నన్ను మించినవాళ్ళు లేరు. పులస నా చెవి జూకా మింగి సముద్రంలోకి పోయి, మరుసటి ఏడాది అదే రేవులో తెచ్చిచ్చిందని పిల్లలకు చెబుతాను. చేపల మీద ఎన్నయినా చెబుతాను. మనుషుల మీద చెప్పాల్సి వస్తే మాత్రం నోరు పెగలదు. ఇంత రాశాను గానీ, చేపల అత్త పేరు రాయలేదు. మా ఇంటి మనిషి నోటి నుంచి ఆ పేరు ఒకసారి వీధిన పడింది. నా నోటి నుంచి పడనివ్వను.